బ్యాటరీ నడుముకి, దీపం తలకి

అట్టలు, ఫోమ్ షీట్లు, త్రీడీ ప్రింటర్లో పోసిన ప్లాస్టిక్ ముక్కలు ముందేసుకుని సినిమా వీరుల హెల్మెట్లు సొంతంగా తయారుచేసుకునే కుర్రకారు ఇప్పుడు మన ఊళ్లలోనూ ఉన్నారు. హైదరాబాదులో కామిక్స్, సినిమా అభిమానుల ఉత్సవమైన కామిక్ కాన్ జరిగే రోజుల్లో వాళ్లని గుంపులు గుంపులుగా చూడొచ్చు. కాలేజీ వార్షికోత్సవాల్లో, బడిపిల్లల ఫ్యాన్సీ డ్రెస్ పోటీల్లో కూడా ఈ వేషాలు కనపడుతున్నాయి. 2008లో ఐరన్ మ్యాన్ సినిమా వచ్చిన దగ్గర్నుంచీ ఈ సరదాకి కొత్త హంగులు వచ్చి చేరాయి. హెల్మెట్ అచ్చు సినిమాలో ఉన్నట్టు ఉంటే చాలదు. కళ్లు వెలగాలి, మీట నొక్కగానే ముఖం మీది తొడుగు దానంతటదే పైకి లేవాలి, లోపల ఫ్యాన్ తిరగాలి, వీలైతే గొంతు మారి వినపడాలి. ఇన్నిటికీ కరెంటు కావాలి. కరెంటు మాట రాగానే అందరూ అడిగేది ఏ బ్యాటరీ వెయ్యాలని. అంతకన్నా ముందు అడగాల్సింది ఇంకొకటుంది. ఆ బ్యాటరీని ఎక్కడ పెట్టాలి? నా జవాబు మొదట్లోనే చెప్పేస్తాను. ఇంట్లో చేసుకున్న హెల్మెట్లో బ్యాటరీ తల మీద ఉండకూడదు. నడుముకి కట్టుకోవాలి, అక్కడి నుంచి తీగ పైకి రావాలి. ఎందుకో, దీని మీద వచ్చే అభ్యంతరాలకి ఏం చెప్పాలో ఒక్కొక్కటిగా చూద్దాం.

ముందు కరెంటు లెక్క. తొడుగు లేచే మామూలు హెల్మెట్ ఒకటి తీసుకోండి. కళ్లలో వెలిగే ఎల్‌ఈడీలన్నీ కలిపి 200 మిల్లీ యాంపియర్లు తాగుతాయనుకుందాం. అరచేతిలో సగం కూడా లేని 5 వోల్టుల చిన్న ఫ్యాన్ ఇంకో 150 తీసుకుంటుంది. వీటిని నడిపించే ఆర్డ్యూనో లాంటి బుల్లి బోర్డుకి 30 చాలు. మొత్తం 380. అంటే దాదాపు 2 వాట్లు, మన ఇళ్లలో వెలిగే అతి చిన్న బెడ్‌లైటుకి సరిపోయేంత. ఇంతవరకు తేలికే. అసలు తంటా ముఖం తొడుగుని ఎత్తే రెండు సర్వో మోటార్లతో వస్తుంది. ఈ పనికి ఎక్కువమంది వాడే నీలం రంగు సర్వో తొమ్మిది గ్రాములే ఉంటుంది. ఊరికే ఉన్నప్పుడు అది తీసుకునే కరెంటు స్వల్పం. కానీ కదిలేటప్పుడు దారిలో ఏదైనా అడ్డుపడి ఇరుక్కుంటే ఒక్కొక్కటి 600, 700 మిల్లీ యాంపియర్ల దాకా లాగుతుంది. రెండూ ఒకేసారి ఇరుక్కుంటే 1,400. దానికి ముందు చెప్పిన 380 కలపండి. సుమారు 1.8 యాంపియర్లు. ఆ క్షణం ఒక సెకనో రెండు సెకన్లో ఉంటుంది. కానీ బ్యాటరీని ఎంచుకోవాల్సింది ఆ రెండు సెకన్లని చూసే. సగటున ఎంత ఖర్చవుతుందో చూసి బ్యాటరీ కొన్నవాళ్ల హెల్మెట్ ఇంట్లో బల్ల మీద చక్కగా ఆడుతుంది, స్టేజీ మీద మొరాయిస్తుంది.

ఎలా మొరాయిస్తుందో కాస్త దగ్గర్నుంచి చూద్దాం. కొత్తగా మొదలుపెట్టేవాళ్లలో చాలామంది మొదట తెచ్చేది మల్టీమీటర్లో వేసే 9 వోల్టుల చదరపు బ్యాటరీ. చిన్నగా ఉంటుంది, హెల్మెట్ లోపల చెవి పక్కన ఇమిడిపోతుంది, 9 వోల్టులంటే బలంగా ఉంటుందన్న నమ్మకం. ఆ 9 వోల్టుల్ని 5కి దించడానికి మూడు కాళ్ల రెగ్యులేటర్ ఒకటి పెడతారు. ఆ రెగ్యులేటర్ మిగతా 4 వోల్టుల్ని ఏం చేస్తుంది? వేడిగా మార్చి పారబోస్తుంది. అంటే బ్యాటరీలోని శక్తిలో తొమ్మిది పాళ్లకి నాలుగు పాళ్లు హెల్మెట్ లోపల, చెంప పక్కన, ఉత్త వేడిగా పోతాయి. ఆ బ్యాటరీ మొత్తం సామర్థ్యం 500 మిల్లీ యాంపియర్ అవర్ల దగ్గరే ఉంటుంది, అదీ మెల్లగా వాడుకుంటేనే. మన లెక్క ప్రకారం వాడితే గంట కూడా నిలవదు. అన్నిటికన్నా ముఖ్యమైంది దాని లోపలి నిరోధం. కొత్తదానిలోనే ఒకటిన్నర నుంచి రెండు ఓముల దాకా ఉంటుంది. మొత్తం కరెంటు 1.8 యాంపియర్లకి చేరిన క్షణంలో బ్యాటరీలోపలే దాదాపు 3 వోల్టులు మాయమవుతాయి. కాస్త వాడిన బ్యాటరీ అయితే బయటికి వచ్చేది 5 వోల్టులే. రెగ్యులేటర్ సరిగ్గా పనిచెయ్యాలంటే 7 కావాలి. ఇంకేముంది, బోర్డు ఆరిపోయి మళ్లీ మొదట్నుంచి లేస్తుంది, లేవగానే సర్వోలకి మళ్లీ ఆజ్ఞ ఇస్తుంది, అవి మళ్లీ లాగుతాయి, బోర్డు మళ్లీ ఆరిపోతుంది. ముఖం తొడుగు సగం లేచి టకటకా కొట్టుకుంటూ అక్కడే ఉండిపోతుంది. ప్రోగ్రాములో తప్పుందనుకుని రాత్రంతా దాన్నే దిద్దుకుంటూ కూర్చుంటారు. తప్పు ప్రోగ్రాములో లేదు, బ్యాటరీలో ఉంది.

ఈ సంగతి అర్థమయ్యాక రెండో అడుగు లిథియం వైపు పడుతుంది. ప్రమాదం మొదలయ్యేది ఇక్కడే. పాత ల్యాప్‌టాప్ బ్యాటరీలు పగలగొడితే లోపల బొటనవేలంత లావున్న స్థూపాకారపు సెల్లులు దొరుకుతాయి. 18 మిల్లీమీటర్ల వ్యాసం, 65 మిల్లీమీటర్ల పొడవు, అందుకే వాటి పేరు 18650. ఒక్కోటి 45 గ్రాముల పైచిలుకు తూగుతుంది. ఇలాంటి సెల్లులు ఎలక్ట్రానిక్స్ సామాను అమ్మే వీధుల్లో విడిగా కూడా దొరుకుతాయి. వాటిలో కొన్నిటి మీద 9,800 మిల్లీ యాంపియర్ అవర్లని అచ్చేసి ఉంటుంది. ఆ సైజు సెల్లులో, పేరున్న తయారీదారుల సరుకులో కూడా, మామూలుగా ఉండేది 2,500 నుంచి 3,500. తొమ్మిది వేల ఎనిమిది వందలన్నది పచ్చి అబద్ధం. అంకె విషయంలో అబద్ధమాడినవాడు లోపలి నాణ్యత విషయంలో నిజం చెప్పాడని నమ్మడానికి ఆధారం లేదు. ఇక డ్రోన్లకి వాడే మెత్తటి సంచి లాంటి లిథియం పాలిమర్ బ్యాటరీ మరీ సున్నితం. గట్టి డొప్ప లేదు. స్క్రూ మొన గుచ్చుకున్నా, ఒత్తిడికి నలిగినా, లోపలి పొరలు ఒకదానికొకటి తగులుతాయి. రెండు తీగలు పొరపాటున కలిస్తే ఇవి పదుల యాంపియర్లు క్షణంలో వదులుతాయి. ఆ కరెంటుకి సన్నటి తీగ ఎర్రగా కాలుతుంది. సెల్లు ఒక దశ దాటి వేడెక్కిందంటే లోపలి రసాయనాలే ఆ వేడిని పెంచుతూ పోతాయి. అందులో ఉండేది అంటుకునే గుణమున్న ద్రవం. సెకన్లలో వందల డిగ్రీలకు చేరి, పొగతో, మంటతో బయటికి చిమ్ముతుంది.

ఇదే సంఘటన టేబుల్ మీద జరిగితే బల్ల కాలుతుంది, మనిషి పక్కకి తప్పుకుంటాడు. నడుము బెల్టులో జరిగితే బకిల్ విప్పి విసిరేస్తాడు. గాయం కావచ్చు గానీ రెండు చేతులూ, రెండు కళ్లూ అతని వశంలో ఉంటాయి. తల మీద జరిగితే ఏమవుతుందో వివరంగా ఊహించాలి. హెల్మెట్ లోపలి ఖాళీ తల చుట్టూ రెండు మూడు వేళ్ల మందం ఉంటుంది. పొగకి పోయే దారి ముక్కు ముందునుంచే. ముఖం తొడుగు తెరవాల్సిన సర్వోకి కరెంటు ఇచ్చేది ఆ కాలుతున్న బ్యాటరీయే. చేతులకి ఫోమ్ గ్లోవ్స్ ఉంటాయి, మెడ దగ్గర కవచం అడ్డుపడుతుంది, చూడ్డానికి ఉన్నవి రెండు సన్నటి చీలికలు. పైగా ఇంట్లో చేసే హెల్మెట్లలో వాడే సామాను వేడికి తట్టుకునేది కాదు. త్రీడీ ప్రింటింగులో ఎక్కువమంది వాడే పీఎల్‌ఏ ప్లాస్టిక్ 60 డిగ్రీల దగ్గరే మెత్తబడుతుంది. గ్లూ గన్ జిగురు కూడా వేడికి వదులైపోతుంది. ఆ జిగురుతో అతికించిన బ్యాటరీ జారి ఎక్కడ పడుతుందో ఎవరూ చెప్పలేరు. లిథియం సెల్లులన్నీ పేలతాయని నేను అనడం లేదు. మన జేబుల్లో ఫోన్లలో అవే ఉన్నాయి. ప్రమాదం జరిగే అవకాశం తక్కువే. కానీ జరిగినప్పుడు తప్పించుకోవడానికి పట్టే సమయం నడుము దగ్గర ఒకటైతే, తల దగ్గర దానికి ఎన్నో రెట్లు. ఆ తేడా కోసమే ఇంతగా చెబుతున్నాను.

బ్యాటరీని తలకి దూరంగా పెట్టాలన్న ఈ ఆలోచన కొత్తదేమీ కాదు. మనిషి తల మీద వెలుగు అవసరమై, ఆ వెలుగే ప్రాణాల మీదికి వచ్చిన చోటు బొగ్గుగని. 1900 తర్వాత కొన్ని దశాబ్దాల పాటు అమెరికా గనుల్లో కార్మికులు నుదుటి మీద కార్బైడ్ దీపం పెట్టుకునేవారు. బుల్లి డబ్బాలో కార్బైడ్ మీద నీటిచుక్కలు పడుతుంటే పుట్టే ఎసిటిలీన్ వాయువు టోపీ మీదే మండేది. మీథేన్ ఉన్న గనిలో ఆ మంట ఎంత ప్రమాదమో చెప్పక్కర్లేదు. 1914 ప్రాంతంలో థామస్ ఎడిసన్ విద్యుత్ టోపీ దీపాన్ని తీసుకొచ్చినప్పుడు ఆయన బల్బుని తల మీద పెట్టాడు, బ్యాటరీని నడుము బెల్టుకి తగిలించాడు, రెండిటి మధ్యా వీపు మీదుగా గట్టి తీగ వేశాడు. ఈ అమరిక ప్రపంచమంతా పాకింది. మన తెలంగాణలో సింగరేణి గనుల్లోకి దిగిన కార్మికుల ఫొటో ఏ పాత పత్రికలో చూసినా అదే కనపడుతుంది. టోపీ మీద దీపం, నడుముకి బరువైన బ్యాటరీ డబ్బా, వెనకనుంచి నల్లటి తీగ. షిఫ్టు మొదలయ్యే ముందు ల్యాంప్ రూమ్‌లో తీసుకోవడం, పైకి వచ్చాక అక్కడే చార్జింగుకి అప్పజెప్పడం తరాల తరబడి నడిచింది. కొత్తగూడెంలోనో, రామగుండంలోనో, మందమర్రిలోనో ఆ దీపం మోసిన మనిషి ఇంట్లో ఇవాళ మనవడు సినిమా హెల్మెట్ చేస్తుంటే, ఈ విషయంలో సలహా అడగాల్సింది ముందు ఆ తాతనే. అపోలో యాత్రల్లో చంద్రుడి మీద నడిచినవాళ్ల దుస్తుల్లో కూడా బ్యాటరీ వీపు మీది పెట్టెలోనే ఉండేది. తల దగ్గరి మైకుకీ, చెవుల దగ్గరి స్పీకర్లకీ తీగ అక్కడినుంచే వచ్చేది.

దీనికి ఎవరైనా బలమైన అభ్యంతరం చెప్పొచ్చు. ఈ రోజుల్లో గనుల్లో తీగ లేని టోపీ దీపాలు వచ్చాయి కదా, వాటిలో లిథియం బ్యాటరీ టోపీ మీదే ఉంటుంది కదా అని. నిజమే. కానీ అవి ఎలా సాధ్యమయ్యాయో చూడాలి. ఎల్‌ఈడీ వచ్చాక దీపానికి కావలసిన కరెంటు బాగా తగ్గింది కాబట్టి బ్యాటరీ చిన్నదైంది. దాన్ని దెబ్బలకి, నీళ్లకి, ధూళికి తట్టుకునే గట్టి డొప్పలో మూసేశారు. తీసి మార్చడానికి వీల్లేదు, వేరే మోటారు తగిలించడానికి వీల్లేదు. మన దేశంలో గనిలోకి దిగే ముందు అలాంటి పరికరానికి గనుల భద్రతా డైరెక్టరేట్ జనరల్ ఆమోదం ఉండాలి. ఒకే పని, ఒకే స్థిరమైన కరెంటు, పరీక్షలు దాటిన డొప్ప. ఇంట్లో చేసే హెల్మెట్లో ఈ మూడూ లేవు. కరెంటు క్షణానికో రకంగా ఎగుడుదిగుడుగా ఉంటుంది, తీగలు చేత్తో టంకం పెట్టినవి, డొప్ప వేడికి మెత్తబడే ప్లాస్టిక్. తీగ లేని టోపీ దీపం పుట్టిందంటే దాని వెనక ఒక కర్మాగారం, ఒక పరీక్షాలయం ఉన్నాయి. అవి మన ఇంటి బల్ల మీద లేవు కాబట్టి ఎడిసన్ పద్ధతే మనకి తగినది.

రెండో అభ్యంతరం తీగ గురించి. వేషం వేసుకుని నడుస్తుంటే వీపు మీద తీగ ఎవరికైనా తగిలి మెడ పట్టేస్తుందనీ, హెల్మెట్ తీసిన ప్రతిసారీ తీగ పీకడం చిరాకనీ అంటారు. ఈ అభ్యంతరంలో నిజముంది. అందుకే తీగని ఊరికే వేలాడదీయకూడదు. మెడ వెనక, కాలర్ దగ్గర, లాగితే ఊడిపోయే కనెక్టర్ పెట్టాలి. స్క్రూతో బిగించేది, లాకు పడేది వద్దు. ల్యాప్‌టాప్ చార్జర్లలో అయస్కాంతంతో అతుక్కునే పిన్ను చూసే ఉంటారు, అలాంటిది మరీ మంచిది. ఎవరైనా లాగితే తీగ ఊడొస్తుంది, మనిషి మెడ పట్టదు. ఆ కనెక్టర్ నుంచి నడుము దాకా ఉన్న తీగ వేషం లోపలే, కవచం కింద పోతుంది, బయటికి కనపడదు. బ్యాటరీ వైపు ఆడ పిన్నే ఉండాలి. మగ పిన్ను ఉంటే ఊడొచ్చినప్పుడు దాని మొనలు కవచం మీది రేకు ముక్కకి తగిలి కలిసిపోవచ్చు. అయస్కాంతపు కనెక్టర్లలో పిన్నులు పైకి తేలి ఉంటాయి కాబట్టి వాటిలో ఇది మరింత జాగ్రత్తగా చూసుకోవాలి. బ్యాటరీకి ఆనుకుని, తీగ మొదట్లోనే, ఒక ఫ్యూజు వెయ్యాలి. మన లెక్కకి 3 యాంపియర్ల ఫ్యూజు చాలు. ఫ్యూజు హెల్మెట్లో పెడితే లాభం లేదు, ఎందుకంటే మధ్యలో నలిగేది నడుముకీ తలకీ నడుమ ఉన్న తీగ. ఆ తీగని కాపాడాలంటే ఫ్యూజు దానికన్నా ముందు ఉండాలి.

తీగ మందం గురించి కూడా ఒక మాట. నడుము నుంచి తలకి మీటరు దూరం అనుకుందాం. కరెంటు పోవాలి, తిరిగి రావాలి, కాబట్టి రెండు మీటర్ల రాగి. చవకరకం యూఎస్‌బీ తీగలో లోపలి రాగి 0.08 చదరపు మిల్లీమీటర్లంత సన్నగా ఉండొచ్చు. దాంట్లో 1.8 యాంపియర్లు పారితే దారిలోనే ముప్పావు వోల్టు పైగా పోతుంది. 5 వోల్టులు 4.2 అవుతుంది. సర్వోలు నీరసపడటానికి అది చాలు. అదే 0.5 చదరపు మిల్లీమీటర్ల తీగ అయితే పోయేది ఎనిమిదో వంతు వోల్టు మాత్రమే. ధర తేడా నామమాత్రం. దీనికి తోడు సర్వోల పక్కనే, హెల్మెట్ లోపల, 1,000 మైక్రోఫారడ్ల కెపాసిటర్ ఒకటి పెడితే సర్వోలు కదలడం మొదలుపెట్టినప్పుడు వచ్చే రెప్పపాటు కుదుపుని కొంతవరకు అది తీరుస్తుంది, ఇరుక్కున్నప్పటి సెకన్ల లాగుడుని మాత్రం తీగే మొయ్యాలి. కాబట్టి తీగ పొడవైతే పనిచెయ్యదన్న భయానికి ఆధారం లేదు. సన్నదైతేనే పనిచెయ్యదు.

మరి నడుముకి ఏది కట్టాలి? నాకైతే అన్నిటికన్నా మేలుగా తోచేది మామూలు పవర్ బ్యాంకు. దాన్ని మనం విప్పి కలిపేది ఏమీ లేదు. తయారైనప్పుడే లోపల షార్ట్ అయితే ఆపేసే, అతిగా చార్జి కాకుండా చూసే సర్క్యూటు ఉంటుంది. మన దేశంలో అమ్మాలంటే బీఐఎస్ నమోదు తప్పనిసరి. డబ్బా మీద ఆ నంబరు ఉందో లేదో చూసి కొనండి. దాని మీద 10,000 అని రాసి ఉంటే ఆ అంకె లోపలి సెల్లు 3.7 వోల్టుల దగ్గర లెక్కగట్టింది. అంటే 37 వాట్ అవర్లు. 5 వోల్టులకి పెంచేటప్పుడు కొంత పోతుంది కాబట్టి మనకి దక్కేది ముప్పై దాకా. మన హెల్మెట్ గంటకి తినేది 2 కన్నా తక్కువ. పొద్దున్నుంచి రాత్రిదాకా ఆడించినా మిగులుతుంది. 5,000ది కూడా సరిపోతుంది. ఒక చిక్కు ఉంది. లాగే కరెంటు మరీ తక్కువైతే, ఫోన్ చార్జింగు అయిపోయిందనుకుని చాలా పవర్ బ్యాంకులు వాటంతటవే ఆరిపోతాయి. ఫ్యాన్ ఎప్పుడూ తిరుగుతూ ఉండేలా కలుపుకుంటే ఈ బెడద ఉండదు. లిథియం అసలే వద్దనుకునే తల్లిదండ్రులకి ఇంకో దారుంది. మళ్లీ మళ్లీ చార్జి చేసుకునే నికెల్ మెటల్ హైడ్రైడ్ పెన్సిల్ సెల్లులు నాలుగు వరసగా వేస్తే 4.8 వోల్టులు వస్తాయి. 2,000 మిల్లీ యాంపియర్ అవర్లవి అయితే అయిదు గంటలు పలుకుతాయి. వాటిలో ఉండేది నీళ్లలో కలిసిన రసాయనం, లిథియం సెల్లులోలా అంటుకునే ద్రవం కాదు. వాటికీ ఫ్యూజు కావాలి, అంతే.

కళ్లలో రెండే రెండు చిన్న దీపాలు వెలిగితే చాలనుకుంటే ఈ తీగ, ఈ బెల్టు అంతా అనవసరమని అంటే ఒప్పుకుంటాను. రెండు ఎల్‌ఈడీలకి కొన్ని మిల్లీ యాంపియర్లు చాలు, 3 వోల్టుల నాణెం సెల్లు దాన్ని గంటల తరబడి ఇస్తుంది, అది తల మీదే ఉన్నా నాకు అభ్యంతరం లేదు. కానీ అది పిల్లల చేతిలో ఉండే వస్తువు కాబట్టి ఒక షరతు పెడతాను. సెల్లు ఉండే డబ్బా మూతకి స్క్రూ ఉండాలి. నాణెం సెల్లుని చిన్నపిల్లలు మింగితే అది గొంతులో ఇరుక్కుని రెండు గంటల్లోపే లోపలి కండని కాల్చేస్తుంది. ఇంట్లో అయిదేళ్లలోపు పిల్లలుంటే పవర్ బ్యాంకు కన్నా ఈ బిళ్లే ఎక్కువ ప్రమాదం. మింగినట్టు అనుమానమున్నా ఆలస్యం చెయ్యకుండా ఆసుపత్రికి పరిగెత్తాలి.

బరువు సంగతి కూడా చూడాలి. పెద్దవాళ్ల తల నాలుగున్నర నుంచి అయిదు కిలోల దాకా ఉంటుంది, దాన్ని మెడ రోజంతా మోస్తుంది. పైన హెల్మెట్, ముందువైపున సర్వోలు, తొడుగు, వాటికి తోడు రెండు వందల గ్రాముల బ్యాటరీ. గంట గడిచేసరికి మెడ వెనక నరాలు లాగుతాయి. చిందు యక్షగానం ఆడేవాళ్లు కిరీటాలకీ ఆభరణాలకీ పొనికి లాంటి తేలికైన కర్రని ఎంచుకున్నది ఊరికే కాదు, రాత్రంతా ఆడాల్సిన తల అది. బ్యాటరీని కిందికి దించడమంటే తల మీదినుంచి ఆ రెండు వందల గ్రాములు తీసెయ్యడమే. ఇంకో మాట, ఇక్కడే చెప్పాలి. బైకు హెల్మెట్‌కి బెజ్జాలు వేసి, మోటార్లు బిగించి వేషానికి వాడేవాళ్లున్నారు. ఒకసారి బెజ్జం పడ్డ హెల్మెట్ మళ్లీ రోడ్డు మీదికి రాకూడదు. దాని ఐఎస్ఐ ముద్రకి ఇక విలువ లేదు.

ఇంతకీ బ్యాటరీ నడుముకి చేరినా ఒక పని మిగిలే ఉంటుంది. తీగ ఊడిపోవచ్చు, చార్జి అయిపోవచ్చు, ఫ్యూజు పోవచ్చు. అప్పుడు లోపలి మనిషికి ఏమవుతుంది? మనం వదిలే ఊపిరిలో నాలుగు శాతం దాకా కార్బన్ డయాక్సైడ్ ఉంటుంది. ఫ్యాన్ ఆగిన మరుక్షణం అది గడ్డం దగ్గర, ముక్కు దగ్గర పేరుకోవడం మొదలవుతుంది, కళ్లముందు అద్దానికి ఆవిరి పడుతుంది. అందుకని ఫ్యాన్ లేకపోయినా గాలి ఆడేలా గడ్డం కింద, మాడు మీద రంధ్రాలు ఉండి తీరాలి. ఫ్యాన్ అదనపు సుఖం మాత్రమే. ముఖం తొడుగు కూడా అంతే. సర్వోలో కరెంటు లేకపోయినా చేత్తో ఎత్తితే లేచేలా, అయస్కాంతంతో ఆనుకునేలా చెయ్యాలి. సర్వో గేర్లకి నేరుగా బిగిస్తే చేత్తో ఎత్తడం కష్టం, బలవంతం చేస్తే గేరు పళ్లు విరుగుతాయి. మధ్యలో ఒత్తితే ఊడే క్లిప్పో, అయస్కాంతమో ఉండాలి.

ఇన్నేళ్లుగా ఎంతోమంది తల మీదే బ్యాటరీ పెట్టుకుని తిరుగుతున్నారు, ఎవరికీ ఏమీ కాలేదు కదా అన్నది చివరి అభ్యంతరం. ఏమీ కానివాళ్లు ఎక్కువమందే ఉంటారు. కానీ మన ఎండల్ని లెక్కలోకి తీసుకోవాలి. మే నెలలో రామగుండంలోనో, ఖమ్మంలోనో, విజయవాడలోనో కిటికీలు మూసి ఎండలో నిలిపిన కారు లోపల 60 డిగ్రీలు దాటుతుంది. మామూలు లిథియం సెల్లుకి తయారీదారులు పెట్టే పైహద్దు కూడా అంతే, చార్జి చేసేటప్పుడైతే 45 డిగ్రీలే. బ్యాటరీ జిగురుతో అతికించి ఉన్న హెల్మెట్‌ని కారులో వదిలి భోజనానికి వెళ్తే ఆ బ్యాటరీ అక్కడే ఉడుకుతుంది, కూడా తీసుకుపోదామన్నా ఊడి రాదు. బెల్టుకి ఉన్నదాన్ని జేబులో వేసుకుని పోవచ్చు. విమాన ప్రయాణంలోనూ ఇదే తేడా. పవర్ బ్యాంకుల్ని చెక్-ఇన్ సామానులో వెయ్యనివ్వరు, చేతిసంచిలోనే పెట్టుకోవాలి. అమెరికాలో ఒక ఊరినుంచి ఇంకో ఊరికి హెల్మెట్ పెట్టె పట్టుకుని కామిక్ కాన్‌లకి తిరిగే మన తెలుగు పిల్లలకి ఈ నియమం బాగా తెలుసు. విడదీసే బ్యాటరీ ఉన్నవాళ్లకి విమానాశ్రయంలో పని సులువు.

శ్రోతల ఇళ్లలో ఇలాంటి హెల్మెట్ తయారవుతుంటే ఒక్క పరీక్ష చేయించండి. వేషం పూర్తిగా వేసుకుని, గ్లోవ్స్ తొడుక్కుని, హెల్మెట్ పెట్టుకున్నాక నడుము దగ్గరి తీగ పీకెయ్యమనండి. ఎవరి సాయమూ లేకుండా, కళ్లు మూసుకుని, అయిదు లెక్కపెట్టే లోపు తనే హెల్మెట్ తీసెయ్యగలిగితే స్టేజీ ఎక్కనివ్వండి. తియ్యలేకపోతే ఆ హెల్మెట్ ఇంకా తయారవలేదని చెప్పి, మళ్లీ బల్ల మీద పెట్టించండి.